శ్రవణ్ కుమార్ సిగ్నల్ వేట

వనపర్తిలో కంప్యూటర్ పాడైతే చాలామంది శ్రవణ్ కుమార్ దగ్గరికే వస్తారు. మిగతావాళ్లు కొత్తది కొనమంటారు, ఇతను మాత్రం పాతదాన్ని బతికించేదాకా అన్నం ముట్టడు. అతని షాపు పక్కనే నా జిరాక్స్ సెంటర్. అతనంటే నాకెంత ఇష్టమో అంత చిరాకు. అబద్ధం ఆడక తప్పని చోట కూడా ఆడడు. అలాంటివాడితో స్నేహం చేసి చూడండి, తెలుస్తుంది.

2009 ఎండాకాలం. ఒకరోజు మధ్యాహ్నం రాధమ్మ టీచర్ అతని షాపుకొచ్చింది. శ్రవణ్‌కు అక్షరాలు నేర్పిన మనిషి. భర్త పోయాక కూతురు కావ్యతో ఉంటోంది. కావ్యది డిగ్రీ చివరి ఏడాది. ఆ కాలేజీలో ఒక లెక్చరర్ ఆడపిల్లలతో తప్పుగా నడుచుకుంటున్నాడని ప్రిన్సిపాల్‌కు పేరు లేని మెయిల్ వెళ్లింది. ఆయన లెక్చరర్‌ను పల్లెత్తు మాట అనలేదు. మెయిల్ రాసిందెవరని మాత్రం ఆరా తీయించాడు. అది రాధమ్మ ఇంటి ఇంటర్నెట్ నుంచి వచ్చిందని తేలింది. రాసింది కావ్యే అన్నాడు. కాదని సాయంత్రంలోగా రుజువు చేయకపోతే హాల్ టికెట్ ఇవ్వనన్నాడు.

"నా బిడ్డ రాయలేదు శ్రవణ్. ఒట్టు," అంది రాధమ్మ.

ఆ ఇంట్లో వైఫై పెట్టింది శ్రవణే. పాస్‌వర్డ్ పెడతానంటే ఆమే వద్దంది. రేపు ఇరుగుపొరుగు అడిగితే లేదనడం ఆమెకు చేతకాదు. పాస్‌వర్డ్ లేని సిగ్నల్ వీధిలోకి వస్తుంటే, గోడ పక్కన నిలబడి ఎవరైనా ఆ మెయిల్ పంపి ఉండొచ్చు. సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతుందో మ్యాపు మీద చూపిస్తే చాలు, కావ్యే రాసిందని ఎవరూ అనలేరు.

శ్రవణ్ అటక మీది నుంచి ఒక పాత లాప్‌టాప్ దింపాడు. ఇటుకంత బరువు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందులో వైఫై లేదు, పక్కనున్న సందులో వేరే కార్డు దూర్చాలి. ఆ కార్డును విండోస్ గుర్తుపట్టలేదు. విండోస్ వదిలేసి సీడీ నుంచి లినక్స్ నడిపించాడు. భూములు కొలిచే నర్సింహులును బతిమాలి జీపీఎస్ తెచ్చాడు. నాకు చెమటలు పడుతున్నాయి. అతను మాత్రం ఒక్కో వైరూ తీరిగ్గా కలుపుతున్నాడు.

తిరగడానికి దొరికిన జీపు బాబు మియాది. పానగల్ దారిలో మనుషుల్ని ఎక్కించుకుని నడుపుతాడు. దాని బ్యాటరీకి ఇన్వర్టర్ కలిపి, బానెట్ మీద జీపీఎస్‌ను టేపుతో అంటించి బయల్దేరాం. మిగతా సిగ్నళ్లూ కనబడితేనే మ్యాపును నమ్ముతారని ముందు ఊరు తిరిగాం. సగం తిరిగాక, వాలు కనబడగానే డీజిల్ మిగులుతుందని బాబు మియా ఇంజన్ ఆపేశాడు. కింద మళ్లీ సెల్ఫ్ కొట్టగానే కరెంటు పడిపోయి లాప్‌టాప్ ఆరిపోయింది. అప్పటిదాకా రాసుకున్నదంతా పోయింది.

"ఎన్నేండ్ల అలవాటు బేటా," అన్నాడాయన తల వంచుకుని. నాకు ఒళ్లు మండింది. శ్రవణ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

కొత్త సిగ్నల్ దొరికితే లాప్‌టాప్ టింగుమంటుంది, మ్యాపు మీద ఒక చుక్క పడుతుంది. బస్టాండ్ దగ్గర మోగింది. డాక్టర్‌గారి ఇంటి ముందు మోగింది. రాధమ్మ వీధిలో మాత్రం మోగలేదు. గేటు ముందు ఆగాం, చప్పుడు లేదు. వెనక సందులోకి పోయాం. జీపును గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

ఇంట్లోకి పోయి చూశాం. శ్రవణ్ కిటికీలో పెట్టిపోయిన వైఫై డబ్బా దేవుని గదిలో ఉంది. దానికి పసుపూ కుంకుమా. కొత్త వస్తువు కదా, మర్నాడే తెచ్చి దేవుని ముందర పెట్టానంది రాధమ్మ. అది పాతకాలపు రాతి మిద్దె. దేవుని గది ఇంటి నడిమధ్యలో ఉంది, గోడలు మూరెడు మందం. సిగ్నల్ వరండా కూడా దాటడం లేదు. మెయిల్ రాసిన మనిషి ఇంట్లోనే ఉండాలి.

నేను శ్రవణ్‌ను పక్కకు లాగాను. "డబ్బా తీసి కిటికీల పెట్టు. ఇంకొక్క చుట్టు తిరిగొస్తం. ఎవడు జూసిండు?"

అతని చేయి డబ్బా మీదికి పోయింది. కళ్లనిండా నీళ్లు. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"పెడితే వస్తది జగదీశ్. గానీ అది ఇయ్యాల్టి సిగ్నల్. మెయిల్ పోయిన నాటిది గాదు."

ఆ క్షణంలో అతన్ని కొట్టాలనిపించింది. ఒక పిల్ల ఏడాది మట్టిలో కలుస్తుంటే ఈయనకు నిజాయితీ కావాలా అని గట్టిగానే తిట్టాను. రాధమ్మకు అన్నీ వినబడ్డాయి.

"వాన్ని తిట్టకు," అంది. "ఆ మెయిల్ నేనే రాసిన."

కావ్య రాత్రిళ్లు ఏడవడం ఆమె విన్నది. అడిగితే ఆ పిల్ల నోరు విప్పలేదు. స్నేహితురాలి ద్వారా సంగతి తెలిసింది. రాయగలిగింది కానీ కింద పేరు పెట్టడానికి ధైర్యం చాలలేదు. నేరం వీధి మీదికి పోతుందేమోనని ఆశపడి శ్రవణ్ దగ్గరికొచ్చింది. అవన్నీ చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, కాలేజీకి పోదాం, ప్రిన్సిపాల్ ముందు నా పేరు నేనే చెప్తానని లేచింది.

కావ్య అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. వచ్చి చెప్పులు వేసుకుంది.

"నువ్వు రాసిన సంగతి నువ్వు జెప్పమ్మా," అంది. "ఆ లెక్చరర్ నాతోటి ఏం జేసిండో నేను జెప్త."

అన్నాళ్లూ తల్లికి కూడా చెప్పని మాట. రాధమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. కావ్యే ఆమెను లేపి జీపెక్కించింది.