చివరి వాళ్లకే మొదటి ముక్క

మా కింది అపార్ట్‌మెంట్ అంకుల్ పోయారు. మంగళవారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేసి "అంకుల్ లేరమ్మా" అన్నారు. గుండెపోటు. మీటింగ్‌లో ఎవరో నన్ను ఏదో అడుగుతూనే ఉన్నారు, నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ క్షణాన నాకు ముందు గుర్తొచ్చింది ఆయన మొహం కాదు, ఆదివారం ఆయన ఇంట్లో నేను తిన్న లెగ్ పీస్. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో మా కాంప్లెక్స్‌లో ఉన్న ఎంఎస్ పిల్లలం, కొత్త ఉద్యోగస్తులం అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ వస్తే ఆదివారాలు ఆయన హాల్లోనే. అంకుల్ ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆఫీస్‌లో నలుగురితో మాట కలపడానికి ఆ ఆట నేర్చుకున్నారట. మాట కలిసిందో లేదో గానీ ఆట మాత్రం ఆయన్ను వదల్లేదు. ఆంటీ కోడి పులావు చేసేవారు.

ఆయన ఏనాడూ పందెం కాయలేదు. కానీ పందెం వాళ్లు ప్రతి ఆటకూ పెట్టే లైన్ అంటే ఆయనకు ప్రాణం. ఎవరు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న ఆ అంచనా బయటికి రాకముందే తను ఊహించి చెప్పి, తర్వాత సరిచూసుకుని మురిసిపోయేవారు. ఫోన్లలోకి బెట్టింగ్ యాప్‌లు వచ్చాక మావాళ్లు ఎవరి మీద కాయమంటారని వెంటపడితే, "నేను కాయ, మిమ్మల్ని కాయనియ్య" అని కసిరేవారు.

"మరి ఈ లైన్ పిచ్చి ఏంటి అంకుల్?" అని ఓసారి అడిగాను.

"ఎవరు గెలుస్తరన్నది అందరికీ ఎరుకే బిడ్డా. బలమున్నోడు, అదే ఫేవరెట్, ఏడు పాయింట్లతో గెలుస్తడనుకో, లేనోడికి ఆ ఏడు ముందే ఇచ్చి చూడాలె. అప్పుడు తెలుస్తది ఎవడు బాగ ఆడిండో."

ఆయన మనుషుల్ని కూడా అలాగే చూసేవారు. నా రూమ్మేట్ గిన్నెలు కడగడం లేదని ఒకరోజు ఆయన దగ్గర చిందులు తొక్కాను. "ఆ పిల్లకు ఏడు పాయింట్లు ఇచ్చి చూడు. చదువైనంక ఇచ్చే ఓపీటీ పర్మిట్ అయిపోతున్నది, జాబ్ లేదు. గిన్నెలు సింక్‌ల పడేసినా లైన్ దాటినట్టే" అన్నారు. నవ్వొచ్చింది. ఇంటికెళ్లి గిన్నెలు నేనే కడిగాను.

ఆ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏడాదంతా అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకే కొత్త ఆటగాళ్లలో మొదట ఎంచుకునే హక్కు, అదే 'పిక్', ఇస్తారు, ఎప్పుడూ ఒకే జట్టు రాజ్యమేలకుండా. అంకుల్ ఇంట్లోనూ అదే చట్టం. ఎవరి వారం అందరికన్నా అధ్వానంగా గడిస్తే పులావులో మొదటి ముక్క వాళ్లది. "నీ కేసు చెప్పు బిడ్డా" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. రిజెక్ట్ అయిన ఇంటర్వ్యూలు, పాడైన కార్లు, ఇంటి బెంగ, అన్నీ వినేవారు. నిజానికి మాకు కావలసింది ముక్క కాదు, ఆ వినడమే. నేను కేసు బాగా వాదిస్తాను. చాలాసార్లు గెలిచాను.

ఆ చివరి ఆదివారం ఆయన లైన్ చెప్పలేదు. నేను గమనించాను కూడా. గిన్నె మూత తీయగానే, "ఈసారి నాకియ్యిండ్రి, ఈ వారం నాకు బాగలేదు" అన్నారు.

అందరం గొల్లున నవ్వాం. "జడ్జికి పిక్ ఉండదు అంకుల్! పైగా మీరెప్పుడూ ఫేవరెట్టే" అన్నాను నేను.

ఆయనా నవ్వారు. "సరే, నీ కేసు చెప్పు" అన్నారు. నా ప్రాజెక్ట్‌ను మేనేజర్ వేరేవాళ్లకు ఇచ్చిన కథ కళ్లకు కట్టినట్టు చెప్పి, లెగ్ పీస్ పట్టుకుపోయాను. ఆయన ఏం తిన్నారో నేను చూడలేదు.

అంతకు ముందు శుక్రవారం నుంచే ఆయనకు ఛాతీలో పట్టేసినట్టుందట. ఆంటీకి డ్రైవింగ్ రాదు. "ఆదివారం పిల్లలొస్తరు కద, ఎవరినన్న దవాఖానకు తోడు రమ్మంట అన్నారమ్మా" అని ఆంటీ నాతో మామూలుగానే చెప్పారు. నా మీద నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "మీ కేసు చెప్పండి అంకుల్" అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారు. నా కారు బయటే ఉంది. అందరికీ పాయింట్లు పంచిన మనిషికి నేను ఒక్కటీ ఇవ్వలేదు.

మొన్న ఆదివారం అందరం వెళ్లాం. మైల కదా, సాంబారన్నం మేమే వండుకుని వెళ్లాం. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆంటీయే టీవీ పెట్టమన్నారు. ఎవరూ ముందు వడ్డించుకోలేదు. ఆంటీ గరిటె నా చేతిలో పెట్టి, "నీ కేసు చెప్పమ్మా" అన్నారు.

 నేను గరిటెను గిన్నెలో ఉంచి, పిడిని ఖాళీగా ఉన్న ఆయన కుర్చీ వైపు తిప్పాను. ఆట అయ్యేదాకా దాన్ని ఎవరూ కదపలేదు.