బయటి పంక్తి దాకా వచ్చిన కృప

సహోదరులారా, సహోదరీలారా, కాలువ గట్టు మీద నా మోటార్‌ సైకిల్ ఒరిగిపోయిన సాయంత్రం నుంచి ఈ సాక్ష్యం మొదలుపెట్టాలి. నేను తాగి ఉన్నాను, వెనక నా భార్య మార్త, ఆమె ఒడిలో మా పసిపాప. బిడ్డ జారి గడ్డిలో పడింది, జానెడు అవతలైతే నీళ్లే! దేవుడు కాపాడాడు. మార్త బిడ్డనెత్తుకొని బాళగనూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది, అందుకు నేనామెను తప్పు పట్టను.

మాది కర్ణాటకలోని మస్కి. డిప్లొమా చదివి రాయచూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ విభాగంలో పనిచేస్తున్నాను. బాయిలర్ వెలిగించాలంటే ముందు లోపల నిలిచిన వాయువులన్నీ బయటికి తోలేయాలి. గాలి, నీటిమట్టం, ఆయిల్ ఒత్తిడి, ఒక్కో షరతుకూ ప్యానెల్ మీద పచ్చదీపం రావాలి. ఒక్కటి రాకపోయినా మంట పుట్టదు. దేవుని దగ్గర కూడా అంతేననుకున్నాను. ముందు తాగుడు మానాలి, తరువాత మందిరానికి పోవాలి, ఆ తరువాతే భార్యాబిడ్డల ముఖం చూడాలి. మానేవాణ్ణి, మళ్లీ తాగేవాణ్ణి, మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి. “ప్రభువా, బాగుపడి వస్త, అంతదాక ఆగు” అని ప్రార్థించేవాణ్ణి, ఆయన్ని వాకిట్లో నిలబెట్టి నేను లోపల ఊడుస్తున్నట్టు!

ఇంతలో బాళగనూరు సంఘంలో కోత పండుగ వచ్చింది. వరి కోతలయ్యాక విశ్వాసులు కొత్త ధాన్యం మందిరానికి తెచ్చి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారు. దూరం నుంచి బిడ్డను ఒక్కసారి చూసి వచ్చేద్దామని బస్సెక్కాను, ధైర్యం చాలక దారిలో మళ్లీ తాగాను. లోపల చోటు చాలక షామియానా బయట వేసిన పంక్తి చివర తల వంచుకొని కూర్చున్నాను.

అన్నం బకెట్‌తో వడ్డిస్తూ వచ్చిన మనిషి నా ఆకు ముందు ఆగాడు. చూస్తే మా మామగారు! గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పండిస్తున్న ఆయనకు నేను చేసిందంతా తెలుసు.

“ఏవండీ అల్లుడుగారూ, ఇక్కడ కూర్చున్నారేంటండీ?”

అంత జరిగినా ఆయన పిలుపులో ‘గారు’ పోలేదు.

“మామా, నేనింగా మానలే. ఇప్పుడు గూడ తాగే వచ్చిన.”

“తెలుత్తానే ఉందండీ, నా ముక్కింకా పనిచేత్తంది. లేవండి. మన ఇంటి పంక్తి లోపలుంది.”

బకెట్ పక్కన పెట్టి, నా జబ్బ పట్టుకొని, అందరూ చూస్తుండగా లోపలికి తీసుకుపోయి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎవరో తెచ్చి ఆయన ఒడిలో కూర్చోబెట్టారు మా పాపను! మార్త వచ్చి నా ఆకులో పప్పు వేస్తూ మెల్లగా అంది: “నాన్న పిలిచారు గానీ, నేనింకా మర్చిపోలేదు.” ఆ మాట నిజం, దాన్నీ అన్నంతో పాటు తిన్నాను. ఒక్క పచ్చదీపమూ వెలగలేదు సహోదరులారా, అయినా నా ఆకులో అన్నం ఉంది!

ఆ అన్నం ముందే కళ్లు మూసుకున్నాను. “ప్రభువా, బాగుపడలే. అట్లనే వచ్చిన. నన్ను తోలెయ్యకు.” నా జీవితంలో షరతు లేని మొదటి ప్రార్థన అది.

ఆ వారమే మామగారు నన్ను రాయచూరు ఆసుపత్రిలో చేర్చారు. చేతులు వణికి గ్లాసు నిలవకపోతే ఆయనే నీళ్లు తాగించేవారు. ఇంటికొచ్చాక ఒకసారి మళ్లీ తాగుడులో పడిపోయాను కూడా, దాచను. సిగ్గుతో మామగారికి ఫోన్ చేస్తే “భోజనానికి రండి” అన్నారు, అంతే. అప్పుడర్థమైంది నాకు. మా బాయిలర్లో శుభ్రం అయ్యాకే మంట. నా దేవుని దగ్గర ముందు ఆయన ప్రేమ మండింది, ఆ వేడికే లోపలి విషం బయటికి పోయింది. దేవునికే మహిమ!

మార్త తొందరపడలేదు. నన్ను చూసి, చూసి, ఒకరోజు తనే సామాను సర్దుకొని మా క్వార్టర్స్‌కు వచ్చింది, వచ్చి పాపను నా చేతుల్లో పెట్టింది. అంతకంటే ఏం చెప్పను! నా రక్షకునికి స్తోత్రం.

మొన్నటి కోత పండుగలో అన్నం బకెట్ నేనే అడిగి తీసుకున్నాను, బయటి పంక్తికే వెళ్లాను. బాగుపడ్డాక వద్దామని ఆగిన సహోదరుడా, సహోదరీ, ఆగవద్దు. ఉన్నపళంగా రా. నీ ఆకు లోపల వేసే ఉంది.