వనజాక్షి ఇచ్చిన మీగడ

పలమనేరులో వనజాక్షి అంటే ఎవరికీ వెంటనే గుర్తుకు రాదు. "పాలు పోసిన సొరకాయ కూర చేస్తాదే, ఆయమ్మ" అంటే మాత్రం వీధి వీధంతా చెయ్యి చాపి ఇల్లు చూపించేది. రెండేళ్ళ కిందటి దాకా సంగతి అది.

పూతలపట్టు దగ్గర మెట్ట పొలాల ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. పుట్టింట్లో పాడి లేదు. చుట్టాలొస్తే కాఫీకి పాల కోసం చెంబు పట్టుకొని పక్కింటికి పోవలసిందే. అలాంటి పిల్ల పందొమ్మిదేళ్ళకు ఎనిమిది ఆవులున్న తులసీరాం ఇంటికి కోడలై వచ్చింది. పొదుగు పట్టుకోవడం తెలియదు. పొయ్యి మీది పాలను కనిపెట్టి ఉండడం తెలియదు. మొదటి నెలలోనే ఆవు తంతే బిందెడు పాలు పేడలో కలిశాయి. అత్త తిరుమలమ్మ మనసు మెత్తనే గాని మాటకు మొన ఉండేది. "పాల మొహం సూడని ఇంట్లోంచి తెచ్చుకుంటిమి. పాల విలువ ఈ పిల్లకేం తెలుస్తాది?" అని ఇంటికొచ్చిన వాళ్ళందరి దగ్గరా అనేది. వనజాక్షి తల వంచుకొని పేడ ఎత్తేది.

ఆ ఏడాది కార్తీకంలో వీధివాళ్ళు వనభోజనాలకు బయలుదేరారు. ఊరి బయట మామిడితోపులో ఒక ఉసిరిచెట్టు ఉంది. కార్తీక మాసంలో ఒక ఆదివారం ఇరవై ఇళ్ళవాళ్ళు అక్కడ చేరి, చెట్టుకు పూజ చేసి, ఇంటికొక వంటకం తెచ్చుకొని కలిసి తింటారు. ఉల్లి, వెల్లుల్లి తగలకుండా చేసిన వంటలే. తిరుమలమ్మకు జ్వరం తగలడంతో ఆ ఏటి వంట కొత్త కోడలి మీద పడింది. ఏం చేయాలో తోచక, వనజాక్షి పెరట్లో లేత సొరకాయలు కోసి ముక్కలు చేసింది. పచ్చిమిర్చి, జీలకర్ర, కొబ్బరి నూరి వేసింది. ముక్క ఉడికాక కాచిన చిక్కటి పాలు, చారెడు మీగడ పోసి సన్న సెగ మీద మగ్గబెట్టింది. తోపులో విస్తళ్ళలో అది పడగానే అందరూ తలెత్తి చూశారు. "ఎవురు చేసింది ఇది?" అని అడిగారు. పెళ్ళయిన ఏడు నెలలకు, ఆ ఊళ్ళో ఆమె పేరు అడిగినవాళ్ళు ఆరోజే కనిపించారు. తిరుమలమ్మ కూడా జ్వరం తగ్గాక గిన్నె అడుగున మిగిలింది నాకి, ఏమీ అనకుండా ఊరుకుంది. ఆమె ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు ప్రతి కార్తీకానికీ ఆ కూరే. అది ఖాళీ అయ్యాకే మిగతా గిన్నెల వైపు చేతులు పోయేవి.

రెండేళ్ళ కిందట ఎదురింట్లోకి ఉదయలక్ష్మి దిగింది. భర్త మోహన్‌కృష్ణ జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టరు, తిరుపతి నుంచి బదిలీ మీద వచ్చాడు. ఉదయలక్ష్మి ముప్పై రెండేళ్ళ మనిషి, ఎప్పుడు చూసినా నవ్వుమొహం. రెండు పూటలా వనజాక్షి దగ్గరే పాలు పోయించుకునేది. "అక్కా, నీ మీగడ సూస్తే ప్రాణం లేచొస్తాది" అనేది. వనజాక్షికి ఆ పిల్లంటే ఇష్టంగానే ఉండేది, పోయిన కార్తీకం దాకా.

ఆ కార్తీకానికి ఉదయలక్ష్మి ఒక గాజు పళ్ళెంలో కొత్త వంటకం తెచ్చింది. కాలీఫ్లవర్, క్యారెట్, బీన్స్, ఉర్లగడ్డ సగం ఉడకబెట్టి, వెన్నలో వేయించిన మైదాను పాలల్లో కలిపి గుజ్జు చేసి, ముక్కల మీద ఆ గుజ్జూ మీగడా పోసి, చీజ్ తురిమి, ఓవెన్‌లో బేక్ చేసుకొచ్చింది. పైన ఎర్రగా కాలిన పొర, గరిటె దింపితే లోపల వెన్నలాంటి తెలుపు. పిల్లలు ముందు ఎగబడ్డారు, తర్వాత పెద్దలు. మూడిళ్ళ అవతలి లోకేశ్వరి, ఏటా సొరకాయ కూర రెండుసార్లు వేయించుకునే మనిషి, విస్తరి పట్టుకొని ఉదయలక్ష్మి దగ్గరికి మూడుసార్లు పోయింది.

వనజాక్షి గిన్నెలో కూర సగం మిగిలింది. ఇంటికి తెచ్చి ఆవుల కుడితిలో పోసింది.

అప్పటి నుంచి మొదలైంది ఆమెకు. ఎదురింటి గడప ముందు నలుగురు ఆడవాళ్ళు నిలబడి నవ్వితే చేతిలో పని ఆపి చెవి అటు పెట్టేది. ఉదయలక్ష్మి ముగ్గు వేస్తే ఆ ముగ్గు వంకర వెతికేది. కొత్త చీర కట్టుకుంటే ఆ రంగు ఆమె మొహానికి నప్పలేదని మొగుడితో చెప్పేది. తులసీరాం పేపరు దించకుండా, "నీకేమైంది మే, ఆ పిల్ల నీ సొమ్మేం తినింది?" అనేవాడు. తన సొమ్ము ఏం తిన్నదో ఆమె చెప్పలేకపోయేది. చెబితే అంతా నవ్వుతారు. ఒక కూర కోసమా అంటారు.

ఈ ఏడు వనభోజనాలకు ముందు రోజు సాయంత్రం ఉదయలక్ష్మి గిన్నె పట్టుకొని వచ్చింది.

"అక్కా, రేపటికి అర లీటరు మీగడ కావాల. పోయినసారి కంటే పెద్ద పళ్ళెం చేస్తాండా. అందరూ ఇప్పట్నుంచే అడుగుతాండారు."

"అందరూ" అన్న మాట వనజాక్షి చెవిలో చీమలా దూరింది.

ఇంట్లో మీగడ రెండు చోట్ల ఉంది. ఆరోజు తీసిన తాజా మీగడ ఫ్రిజ్‌లో ఉంది. అది సొరకాయ కూర కోసం ఆమె దాచుకున్నది. వెన్న చిలకడానికి నాలుగు రోజులుగా పోగేస్తున్నది వంటింటి మూల కుండలో ఉంది. అది అప్పటికే పులుపెక్కింది. వేడి తగిలితే విరిగి నీళ్ళకు నీళ్ళు, తరకలకు తరకలు అయిపోతుంది. పాడి ఇంట్లో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి అది ఒకరు చెప్పాలా?

వనజాక్షి కుండలోంచే గిన్నెకు ఎత్తింది. వాసన తెలియకుండా పైన నాలుగు గరిటెలు తాజా మీగడ పరిచింది. "ఫ్రిజ్‌లో పెట్టుకో, కదిలించగాకు" అని చేతికిచ్చింది.

"నువ్వు సల్లంగుండాలక్కా," అంది ఉదయలక్ష్మి.

పొద్దున్నే లేచేసరికి సన్నగా జల్లు పడి వెలిసింది. కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని, మధ్యాహ్నం దాకా రాదని వీధిలో అనుకుంటున్నారు. ఆ మాట వినగానే వనజాక్షికి వేరే సంగతి తట్టింది. కరెంటు లేకపోతే ఓవెన్ లేదు. ఓవెన్ లేకపోతే ఆ పళ్ళెమూ లేదు. మీగడ సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు. పాపం అంటకుండానే పని అయిపోయింది. సొరకాయ కోస్తూ, ఎన్నాళ్ళకో కూనిరాగం తీసింది.

అంతలో పెరటి తలుపు దగ్గర అలికిడైంది. ఉదయలక్ష్మి. ఒక చేతిలో ఉడికిన ముక్కల దబర, ఇంకో చేతిలో గుజ్జు గిన్నె, చంకలో మీగడ గిన్నె. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అక్కా, అంతా తయారుగా పెట్టుకున్నా. కరెంటు పోయింది. మీ అమ్మ మీదా కిందా నిప్పులు పెట్టి రొట్టె కాల్చేదని ఒకసారి చెప్పినావు కదా. నీ కట్టెల పొయ్యి మీద ఇది అట్లా అయితాదా?"

పెరట్లో కుడితి కాచే కట్టెల పొయ్యి మండుతూనే ఉంది. కాదు అనడానికి వీలు లేదు. పొయ్యి పక్కన పీట వేసుకొని తిరుమలమ్మ చలి కాచుకుంటోంది. "ఎందుకు కాదు? మా కోడలికి బాగా వచ్చు," అని ఆమే జవాబు చెప్పేసింది.

వనజాక్షి మందపాటి ఇత్తడి దబర తెచ్చి నెయ్యి రాసింది. ముక్కలు పరిచింది. గుజ్జు పోసింది. ఉదయలక్ష్మి మీగడ గిన్నె మూత తీసి వంచబోయింది.

"పొయ్యొద్దు!"

తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. ఉదయలక్ష్మి గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడింది. వనజాక్షి లోపలికి పోయి, ఫ్రిజ్‌లోని తన మీగడ తెచ్చి దబరలో పోసింది. "ఇది నిన్నటి తాజాది. ఇదే మేలు."

"మరి ఇదేమైంది?" అంది తిరుమలమ్మ. ఉదయలక్ష్మి చేతిలోని గిన్నె అందుకొని వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కోడలి మొహంలోకి చూసింది. ఎనభై రెండేళ్ళ కళ్ళు అవి. పైన ఒక మీగడ, కింద ఇంకో మీగడ ఉన్న సంగతి ఆ వేలికి తెలిసిపోయింది. ముసలామె గిన్నెకు మూత పెట్టి పక్కకు జరిపింది.

"రొంత పులిసింది," అంది వనజాక్షి.

"అయ్యో, పోనీలే అక్కా. ఇంత పనిలో నువ్వు మాత్రం ఏం సూసుకుంటావు," అంది ఉదయలక్ష్మి. ఆ మాటకు వనజాక్షి ఒళ్ళంతా మండింది. తిట్టి ఉంటే బాగుండేది.

మూకుడు మూతపెట్టి, కింద సన్న నిప్పులు, పైన కణకణలాడే నిప్పులు పరిచింది. అరగంటకు మూత తీస్తే పొర ఎర్రగా కాలి, అంచుల్లో గుజ్జు కుతకుతమంటోంది. కట్టెల పొగ వాసన రవ్వంత పట్టింది. ఓవెన్‌లో వచ్చేదానికంటే బాగుందని ఆమెకు చూడగానే తెలిసింది. బాగుండకపోతే ఎంత బాగుండు అనిపించింది.

సొరకాయ కూరకు మీగడ మిగల్లేదు. ఉత్త పాలు పోసి దించింది. పల్చగా వచ్చింది.

తోపులో అంతా ఆమె భయపడినట్టే జరిగింది. ఇత్తడి దబర చుట్టూ జనం. "పోయినేటి కంటే బాగుండాదే!" అని ఒకరు, "ఆ పొగ వాసన ఏముండాదబ్బా!" అని ఒకరు. ఉదయలక్ష్మి చేతులూపుతూ, "నేను కాదు, వనజక్క చేసింది. నిప్పుల మీద ఆయమ్మే కాల్చింది, మీగడ కూడా ఆయమ్మదే," అని గొంతెత్తి చెప్పింది.

లోకేశ్వరి విస్తరి మీంచి తలెత్తి, "సూడండి, ఈ పిల్ల ఎంత మంచిదో! తను చేసి పేరు పక్కోళ్ళకిస్తాది," అంది. అందరూ అవునవునన్నారు.

వనజాక్షి విస్తరి పక్కకు నెట్టింది. తన మీగడ, తన పొయ్యి, తన చెయ్యి. పేరు ఆ పిల్లది. మంచితనం కూడా ఆ పిల్లదే. పల్చటి సొరకాయ కూరను తులసీరాం ఒక్కడే రెండుసార్లు వేయించుకున్నాడు. అది జాలి అని ఆమెకు తెలుసు.

చేతులు కడుక్కునే తొట్టి కొళాయి దగ్గర ఉదయలక్ష్మి వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, నా వల్ల నీ కూరకు మీగడ లేకుండా పోయింది కదా. మనసుకు ఎట్లనో ఉండాది."

ఇక ఆగలేకపోయింది వనజాక్షి.

"నీకు పులిసిన మీగడ తెలిసే ఇచ్చినాను," అంది. "పైన మంచిది కప్పి ఇచ్చినాను. నీ వంట చెడిపోవాలని."

ఉదయలక్ష్మి చేతుల మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. "ఎందుకక్కా? నేనేం చేసినా నిన్ను?"

"నువ్వేం చెయ్యలేదు. ఈ ఊరికొచ్చినప్పుడు నేనెవరో ఎవరికీ పట్టలేదు. ఈ కూర తిని నా పేరు అడిగినారు. ఇరవై నాలుగేళ్ళు నాకుండేది అదొక్కటే. నువ్వు ఒక్క పూటలో ఎత్తుకొని పోయినావు. నవ్వుకుంటా ఎత్తుకొని పోయినావు."

ఉదయలక్ష్మి కొళాయి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకొని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పాలకు రాలేదు. ఎదురింటి గేటు పక్కన చెత్తబుట్టలో ప్యాకెట్ పాల కవర్లు కనిపించేవి. వనజాక్షి వాటిని చూడకూడదనుకుంటూనే రోజూ చూసేది. పోయి మాట్లాడదామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. అత్త ఇదంతా గమనిస్తూ ఒక రోజు అంది: "చెప్పుకున్నావు కదా, ఆ ధైర్యం చాలామందికి ఉండదు. ఇంగ ఆ పిల్ల కోపం ఆ పిల్లది. తీరేదాకా ఓర్చుకో."

నలభై రోజులు దాటాక, ధనుర్మాసం చలిలో ఒక పొద్దున ఉదయలక్ష్మి చెంబు పట్టుకొని వచ్చింది. నవ్వలేదు. "ప్యాకెట్ పాలు పిల్లోళ్ళకు పడడంలా. అందుకే వచ్చినా," అంది. వనజాక్షి కొలతకు పైన ఇంకో గరిటె పోసింది. "కొలత చాలు," అంది ఉదయలక్ష్మి. ఆ పైన పోసింది వనజాక్షి వెనక్కి తీసుకుంది.

వేసవి వచ్చేసరికి ఒకటీ అరా మాట కలిసింది. వానలకు ముందు ఉదయలక్ష్మి మళ్ళీ "అక్కా" అంది. మునుపటిలా కాదు, ఆచి తూచి అంది. వనజాక్షికి అదీ చాలనిపించింది. అయినా ఎదురింటి గడప ముందు ఆడవాళ్ళ నవ్వులు వినబడితే ఆమె చెవి ఇప్పటికీ అటే పోతుంది. ఇప్పుడైతే అది మొగుడి దగ్గర దాచదు. "నాకు కుళ్ళుగా ఉండాది," అని చెప్పేస్తుంది. తులసీరాం పేపరు దించి, "ఉండనీలే," అంటాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. వనభోజనాలకు రెండు రోజుల ముందు ఉదయలక్ష్మి పాలకు వచ్చి, వెళ్ళబోతూ ఆగింది.

"అక్కా, ఈసారి నేను ఆ వంట చెయ్యను. పులిహోర కలుపుతా."

ఆ మాట వినగానే వనజాక్షి గుండెలో ఎక్కడో తేలికైంది. అది నిజం. ఆ తేలికను ఒక క్షణం అనుభవించి, తర్వాత తల అడ్డంగా ఊపింది.

"చెయ్యి. నువ్వు చెయ్యకపోతే ఆ లోకేశ్వరి ఏమంటాదో తెలుసా? ఓర్వలేక నేనే ఆపించినానంటాది."

"అది నిజమే కదక్కా?" అంది ఉదయలక్ష్మి.

"నిజమే. అందుకే చెయ్యమంటాండా," అంది వనజాక్షి. "మీగడ ఎంత కావాల?"