రెండు దాకల పులుసు

నా చిన్నప్పుడు మా ఊళ్లో అభిప్రాయం లేని మనిషంటూ లేడు. కొల్లేరు మధ్యలో ఒక లంక మాది. ఏలూరు వెళ్లాలంటే పడవ ఎక్కాలి, లోకంలో ఏం జరుగుతోందో తెలియాలంటే టీ కొట్టు దగ్గర ట్రాన్సిస్టరు వినాలి. అందులో వార్త వచ్చేది చిటికెడు, దాని మీద మాట పుట్టేది గంపెడు. చంద్రుడి మీద మనుషులు దిగిన దగ్గర్నుంచీ వానలు అదుపు తప్పాయని ఒకరు, టార్చిలైటు వెలుతురు చూస్తే చత్వారం తొందరగా వస్తుందని ఇంకొకరు అనేవారు. టార్చిలైటు ఉన్నది ఊరంతటికీ ఒక్కటే. చత్వారం మాత్రం చాలామందికి ఉండేది. ఇదెలా కుదిరిందని ఎవరూ అడగలేదు.

అలాంటి ఊరికి మా నాన్న నైలాను వల తెచ్చాడు.

ఇప్పటివాళ్లకు వల అంటే నైలానే కాబట్టి, అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో వలలన్నీ నూలువే. నూలు నీళ్లలో నాని కుళ్లిపోకుండా తుమ్మచెక్కను పెద్ద కాగులో ఉడికించి, ఆ ఎర్రటి కషాయంలో వలలు ముంచి ఎండలో ఆరేసేవారు. అది ఒక్కరు చేసుకునే పని కాదు. ఒక రోజు అనుకుని ఊరంతా వలలు మోసుకొచ్చి ఒకేచోట రంగు పెట్టుకునేవారు. ఆ మధ్యాహ్నం, వంతు వచ్చిన ఇంటివాళ్లు అందరికీ అన్నం, చేపల పులుసు పెట్టాలి. ఆ రోజు మమ్మల్ని బడికి వెళ్లమని ఎవరూ అనేవారు కాదు కాబట్టి అన్ని పండగలకన్నా నాకు అదే పెద్ద పండగ. ఊరి గాలికే తుమ్మచెక్క వాసన పట్టేసేది. అసలు కొల్లేటి చేపకి అంత రుచి ఆ చెక్కవల్లే వస్తుందని మా వాళ్ల గట్టి నమ్మకం.

నాన్న తెచ్చిన వల తెల్లగా, తేలిగ్గా ఉండేది. తడిసినా బరువెక్కదు, రంగు అక్కర్లేదు. ఆ మురిపెంలో పాత నూలు వలను ఇంకో లంకలో ఉంటున్న మా మేనత్తవాళ్లకు ఇచ్చేశాడు. ఇక్కడ వల నీళ్లలో దిగకముందే మాటలు దిగాయి. ఆ మెరుపుకి చేపలు బెదిరి పారిపోతాయన్నారు. పారిపోలేదు, నాన్నకు బాగానే పడ్డాయి. పడితే పడ్డాయి గానీ ఆ దారం కిరసనాయిలుతో చేస్తారట, చేపకి ఆ కంపు పట్టేస్తుందన్నారు. ఆ చేప తిన్నవాళ్లకు ఒళ్లంతా దురదలని ఆకివీడు నుంచి వచ్చిన చుట్టం చెప్పిందట. ఆ చుట్టం ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మాటలతో పోతే బాగుండేది. మా ఊళ్లో అందరి చేపలూ కలిపి గంపలకెత్తి, ఒకే పడవలో ఏలూరు మార్కెట్టుకు పంపేవారు. ఆ పడవ పెత్తనం మా తాతయ్యకు అన్నగారైన పెదతాతయ్యది. ఒక్క చేప కంపు కొట్టినా మొత్తం ఊరి సరుకు వెనక్కి వస్తుందని ఆయన భయం. అందుకని నాన్న చేపలు పడవ ఎక్కడానికి వీల్లేదన్నాడు. పెదతాతయ్య చెడ్డవాడు కాదు. ఊరి మంచి కోరే అన్నాడు, దాంతో మాకు ఎదురు చెప్పే దారి కూడా లేకపోయింది.

అమ్ముడుపోని చేపల్ని మా అమ్మ ఎండబెట్టింది. వాకిట్లో ఎండుచేపలు, చూరుకి ఎండుచేపలు, కంచంలో ఎండుచేపలు. మా వీధి పిల్లులు నడవలేనంత బలిశాయి. నాన్న మాత్రం మాట తగ్గించేశాడు. ఇలాగే సాగితే ఊరు వదిలి గణపవరం వైపు వరి చేలల్లో కూలికి పోదామని అమ్మతో అంటుంటే విన్నాను. నాకు లంక తప్ప ఇంకో ఊరు తెలియదు. నీళ్లు లేని ఊళ్లో మనుషులు పొద్దున్న లేచి ఏం చూస్తారో అని బెంగ పెట్టుకున్నాను.

ఇంత జరుగుతున్నా మా నాయనమ్మ ఎటువైపూ మాట్లాడలేదు. వల మంచిదని గానీ, చెడ్డదని గానీ అనలేదు. కొడుకు తరఫున ఒక్క మాటైనా అనవేమని అమ్మ లోపల్లోపల ఉడికిపోయేది. అంతలో రంగు పెట్టే రోజు వచ్చింది, వంట వంతు మాదయింది. నాయనమ్మ పొద్దున్నే కబురు పంపింది: పెదతాతయ్య తన నూలు వలలో పడ్డ కొరమీనులు పంపాలి, నాన్న తన నైలాను వలలో పడ్డ కొరమీనులు ఇవ్వాలి. రెండూ వేరువేరుగా వండుతుంది, ఏది ఏదో ఊరే తిని తేల్చాలి. ఊరంతా సంబరపడింది. అభిప్రాయం చెప్పమని భోజనం పెట్టి మరీ అడిగేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

వంటపాకలో నాయనమ్మకు అల్లం దంచి ఇచ్చే పని నాది. పులుసు ఉడుకుతుంటే మరిగే గిన్నె ఒక్కటే కనబడింది నాకు. అది దించాక ఆవిడ రెండు మట్టి దాకలు తీసి, ఆ ఒక్క గిన్నెలోదే సగం ఇందులో, సగం అందులో పోసింది. నేను నోరు తెరిచేలోపు చేప గుడ్డు ముక్క ఒకటి నా నోట్లో పెట్టింది. అది నమిలేవరకూ మాట్లాడలేను, నమిలాక ఇంకోటి పెట్టింది.

మధ్యాహ్నం అందరూ వలలు ముంచడం ఆపి వరుసగా చాపల మీద కూర్చున్నారు. తామరాకుల్లో వేడన్నం, మొదటి దాక పులుసు. పెదతాతయ్య ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఇదీ చేపంటే, తుమ్మచెక్క వాసన ఎంత కమ్మగా వస్తోందో చూడండి అన్నాడు. అవునవునని వరుసంతా తలూపింది. తర్వాత రెండో దాక వచ్చింది. ఇందులో ఆ కమ్మదనం లేదనీ, చప్పగా ఉందనీ, చివర్లో కొంచెం కిరసనాయిలు తగులుతోందనీ తలో మాటా అన్నారు. నాన్న ఊరుకోలేదు. రెండోదే తన చేపనీ, కండ ఎంత బిగువుగా ఉందో, ఎంత తియ్యగా ఉందో తెలియనివాళ్లకు నాలుక ఎందుకనీ గట్టిగానే అన్నాడు. నేను తలుపు పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేక గోడ గోకుతున్నాను. నాకు తెలిసింది కూడా సగమేనని అప్పటికి తెలియదు.

బావగారి ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు నాయనమ్మకు లేదు. ఏం చెప్పినా తలుపు చాటునుంచే. ఆ రోజు మాత్రం ఒక బాన ఎత్తుకుని నేరుగా వచ్చి ఆయన ముందు దించింది. నిండా నీళ్లు, ఆ నీళ్లలో నల్లగా మెసులుతున్న కొరమీనులు. ఒకటి తోక కొడితే ఆయన చొక్కా తడిసింది.

“మీ చేపలు ఇవిగోనండి బావగారూ. పొద్దున్న మీరు పంపినవి పంపినట్టే ఉన్నాయి.”

అంటే రెండు దాకల్లోనూ నాన్న చేపలే. రెండిట్లోనూ ఒకే పులుసు. పెదతాతయ్య బానలోకి చూశాడు, తన ఆకులోకి చూశాడు.

“మరి నాకు తుమ్మచెక్క వాసన వచ్చింది కదమ్మా. అది అబద్ధం కాదు.”

“అబద్ధం ఎందుకవుతుందండీ. పొద్దుట్నుంచీ ఆ కాగులో చేతులు ముంచారు. మీ చెయ్యి వాసన చూసుకోండి.”

పెదతాతయ్య ఎడమచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి పక్కాయన, ఆయన్ని చూసి ఆ పక్కాయన. మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులు వరుసంతా ముక్కుల దగ్గరికి వెళ్లడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మొదటి దాక తినేటప్పుడు వేళ్లకు రంగు వాసన ఉంది, తిని వేళ్లు నాక్కునేసరికి అది పోయింది. అందుకే రెండో దాక చప్పగా తోచింది. పెదతాతయ్యకు ముందు కోపం వస్తుందనుకున్నాను. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి, తర్వాత పొట్ట కదిలింది, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక ఊరు నవ్వింది.

అందరికన్నా గట్టిగా నవ్వింది నాన్న. నాయనమ్మ నాన్నవైపు తిరిగి, “వాళ్ల చేతులకి రంగుంది. రంగు లేని చెయ్యి నీది, నీకేమొచ్చిందిరా?” అంది. నాన్న నవ్వు టక్కున ఆగింది. రెండో దాక తియ్యగా ఉందన్నది తనే మరి.

మర్నాడు నాన్న చేపలు పడవెక్కాయి. గంపను పెదతాతయ్యే ఎత్తి పెట్టాడు. మేము గణపవరం వెళ్లలేదు. మా వాకిట్లో పిల్లులు మళ్లీ సన్నబడ్డాయి.

అయితే నాయనమ్మ దాంతో నైలాను పక్షం అయిపోయిందనుకుంటే పొరపాటు. వల గెలిచిందని నాన్న సంబరపడబోతే, తేలింది పులుసు సంగతేగానీ వల సంగతి కాదంది. తర్వాతెప్పుడో నాన్న పారేసిన చిరుగు వల ముక్కలో, కిక్కిస గడ్డి మధ్య ఒక కొంగ కాలు చిక్కుకుని గిలగిల్లాడుతూ కనిపించింది. నూలు ముక్కయితే కుళ్లిపోయుండేది, ఇది కుళ్లదు. ఈ సంగతి ఊళ్లో అన్ని అభిప్రాయాల్లోనూ ఒక్కరికీ తట్టలేదు. కొంగను విడిపించాక, చిరిగిన ప్రతి ముక్కా ఇంటికి తేవాలని నాయనమ్మ నాన్నకు చెప్పింది. ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే తెచ్చాడు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. టీ కొట్టు నా అరచేతిలోకే వచ్చేసింది. సెల్ టవర్లవల్ల పిచ్చుకలు పోయాయని ఒకరు పంపుతారు, కరెంటు పొయ్యి మీద వండిన అన్నం తింటే మోకాళ్ల నొప్పులని ఇంకొకరు. మా అల్లుడుగారు కొత్త ఫోను వార్త చదివి, ఇంకా కొట్లోకి రాకముందే దాని కెమెరా బాగాలేదని తేల్చేస్తారు. వీటిలో నిజమెంతో అబద్ధమెంతో నాకు తెలియదు. నేనడిగేది ఒక్కటే, తిని చెబుతున్నారా అని. మా ఇంట్లో అది పెద్ద వేళాకోళం అయిపోయింది. ఫోను గురించి కూడా తినే చెప్పాలా అత్తయ్యగారూ అంటారు ఆయన.

మొన్న మా మనవరాలు ఎయిర్ ఫ్రయర్ అని ఒక డబ్బా తెచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది, నూనె లేకుండా చేప వేగుతుందంటుంది. మూకుడు లేని వేపుడు గడ్డి తిన్నట్టుంటుందని నేను అనేశాను. ఆదివారం అది శీలావతి చేప ముక్కలు రెండు పళ్లేల్లో తెచ్చి నా ముందు పెట్టి, ఒకటి మూకుట్లోది, ఒకటి డబ్బాలోది, ఏది ఏదో చెప్పమంది.

నాకు నవ్వొచ్చింది. నా కథ వింటూ పెరిగిన పిల్ల నాకే పెడుతోంది పరీక్ష. ఇందులోంచి ఒక తునక, అందులోంచి ఒక తునక నోట్లో వేసుకుని, రెండూ ఒక్కచోటే వేగాయి, నా దగ్గరా నీ వేషాలు అన్నాను.

“కాదు అమ్మమ్మా. నిజంగానే ఒకటి మూకుట్లోది, ఒకటి డబ్బాలోది. నువ్వు చేప తినలేదు, మీ నాయనమ్మని తలుచుకున్నావు.”

మా అల్లుడుగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ ఆ పేపరు ఊగుతూనే ఉంది. నేను నా చెయ్యి వాసన చూసుకున్నాను. ఆ రంగు వాసన పోయి ఇన్నేళ్లయినా, నోటికి ఏదైనా మాట వచ్చినప్పుడు ముందు చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లడం ఆ చాపల వరుసను చూసినప్పటినుంచీ నాకు వచ్చిన అలవాటు. ఆదివారం ఆ చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది, అంతే. పంపు దగ్గరికి వెళ్లి శుభ్రంగా కడుక్కుని వచ్చి, రెండు పళ్లేలూ మళ్లీ దగ్గరికి లాక్కుని, మొదటి ముక్క నుంచి నెమ్మదిగా తినడం మొదలుపెట్టాను.