వీపు తిప్పి కూర్చున్న మేస్త్రి

మా మేస్త్రి వెలిమెలలో తన పొలంలో పడిపోయి చనిపోయాడని మొన్న పొద్దున మేం పనిచేసే రిపేరు షెడ్డుకు కబురు వచ్చింది. నాలుగేళ్ల కింద ఆయన తలకు తగిలిన దెబ్బే ఇప్పుడు ప్రాణం తీసిందేమో అనుకున్నాను. ఎందుకంటే ఆ దెబ్బ కొట్టింది నేను. పాము కరిచిందని ఆయన కొడుకు చెప్పాక గాని నా ప్రాణం కుదుటపడలేదు. అంత మంచి మనిషి పోతే పాము పేరు విని ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుగానే ఉంది, అయినా చెప్పుకుంటున్నాను.

అప్పట్లో మేమిద్దరం పటాన్‌చెరు దగ్గర ఒక రంగుల కంపెనీలో ఉండేవాళ్లం. ఖాళీ అయిన ట్యాంకుల్లోకి దిగి, అడుగున పేరుకున్న రంగు గీకడం మా పని. మూత తీసేముందు మేస్త్రి నట్లు బిగించే పానాతో ట్యాంకును మూడుసార్లు తట్టేవాడు. బయటికి వచ్చిన ప్రతివాడి నోట్లో తన చేత్తోనే బెల్లం ముక్క పెట్టేవాడు. దిగేముందు మాత్రం తలా అర ముంత కల్లు పోసేవాడు. కల్లు తాగితే ట్యాంకు వాసన తలకెక్కదని మా అందరి నమ్మకం. అందరికంటే పిరికివాణ్ణి కాబట్టి నాకు ఆ నమ్మకం ఇంకా ఎక్కువ.

మూత తీశాక, లోపలి మత్తు వాసన పోయేలా ట్యాంకును ఒక రోజంతా ఆరనివ్వాలి. దెబ్బ తగిలిన ఆ రోజు పైవాళ్లు తొందరపెడితే మేస్త్రి నన్ను గంటకే దింపాడు. కాసేపు గీకినట్టు గుర్తు. తర్వాత గుర్తున్నది నా ఛాతీ మీద కూర్చున్న ఇద్దరు మనుషులు, పక్కన రక్తం కారుతున్న మేస్త్రి తల. నన్ను పైకి లాగబోతే ఆయన చేతిలోని పానా లాక్కుని కొట్టానట. నవ్వుతూ కొట్టానట.

తాగి కొట్టాడని కంపెనీ కేసు పెట్టింది. నోట్లో కల్లు వాసన నిజమే మరి. సంగారెడ్డి వకీలు సాబ్ తేల్చి చెప్పాడు. "నీ అంతట నువ్వు తాగి కొడితే కానూను మాఫ్ చెయ్యదు. నీకు తెల్వకుంట ట్యాంకు వాసనకు మత్తెక్కిందంటే వింటది. గని ఆ మాట ఎవలు చెప్పాలె?"

చెప్పగలిగింది మేస్త్రి ఒక్కడే. చెబితే ఆయన నౌకరీ పోతుంది. జామీను మీద ఇంటికి వచ్చిన నేను, కత్తిపీటను పక్కింట్లో పెట్టించాను. రెండేళ్ల బిడ్డను ఎత్తుకోలేదు. మళ్లీ ఎప్పుడు ఒళ్లు తెలియకుండా పోతుందో, ఈ చేతులు ఏం చేస్తాయో ఎవరికి తెలుసు?

కోర్టులో మేస్త్రి తలకు చుట్టిన రుమాలు విప్పి, మచ్చ కనబడేలా నిలబడ్డాడు.

"కల్లు పోసింది నేనే, సారూ. దినాం పోస్తుంటి. తాగి ఒక్కనాడు గూడ వీడు చెయ్యెత్తలే. ఆనాడు ట్యాంకు ఆరకముందే దింపిన. తప్పు నాది. చెయ్యి వీనిదే గని, అప్పుడు వీడు ఆ చేతిల లేడు."

నన్ను వదిలేశారు. కంపెనీ మా ఇద్దరినీ తీసేసింది. ఆయన ఈ రిపేరు షెడ్డులో పని వెతుక్కుని, నెల తిరక్కుండానే నన్నూ పిలిపించాడు.

మొదటి రోజే నా చేతికి పానా ఇచ్చాడు. నేను పట్టుకోలేదు.

"భయమైతుంది, మేస్త్రీ."

"నాకు గాదా ఏంది? పట్టు. నట్టు బిగించు."

అంటూ రుమాలు తీసి పక్కన పెట్టి, నాకు వీపు తిప్పి కూర్చుని తన పని మొదలుపెట్టాడు. నా పానా ఇనుముకు తగిలి మోగిన ప్రతిసారీ, ఆ మచ్చ కింద మెడ మీది చర్మం ఉలిక్కిపడేది. సాయంత్రందాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.