రెండు చేతుల పని

నా కుడి చేతికి ఇప్పుడు రెండే వేళ్లు, బొటనవేలు, చిటికెన వేలు. మధ్యలోని మూడూ పటాన్‌చెరులో నేను పనిచేసిన రేకుల కంపెనీలో పోయాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ చూడవచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. "బొటనవేలు మిగిలింది, దేవునికి మొక్కు." కట్టు మార్చే నర్సు అంది, మా అత్త అంది, ఎన్నడూ పలకరించని పక్కగది వాడు కూడా అన్నాడు. మూడు తీసుకున్నవాడికి రెండు వదిలినందుకు మొక్కాలట! నాకు ఒళ్లు మండేది. ఎవరినీ ఏమీ అనలేక గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని.

నేను ఇంటికి వచ్చాక నా భార్య పనిలో చేరింది, జిన్నారం దగ్గర మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీలో. పొద్దున ఐదున్నరకే ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సెక్కాలి. ఇక ఇంటిపని నాది. ఊడ్చడం, నల్లా వచ్చినప్పుడు డ్రమ్ము నింపడం, బియ్యం కడగడం. ఎడమ చేత్తో కడిగితే గుప్పెడు బియ్యం తూములోకి పోయేవి. చీపురు పడితే చెత్తను ఎత్తినట్టు ఉండేది కాదు, అటూ ఇటూ తిప్పి పలకరించినట్టు ఉండేది. అవన్నీ ఎలాగో గడిచాయి. గడవనిది ఒకటే, పాప జడలు.

పాప మూడో తరగతి. బడిలో రెండు జడలు తప్పనిసరి. జుట్టు నడుం దాకా ఉంటుంది, వాళ్లమ్మ పోలిక. నేను వేసిన జడలు ప్రార్థన అయ్యేలోపే విడిపోయేవి. టీచరు రెండుసార్లు బయట నిలబెట్టింది. ఆ తర్వాత పాప బడికే పోనంది.

ఆ సోమవారం సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలో కూర్చుని నా భార్య తేల్చేసింది.

"ఆదివారం సెలూన్‌కు తీస్కపోయి బాయ్‌కట్ చేపియ్యి. నాలుగ్గంటలకే బిడ్డను లేపి జడలేసి పోవుడు నాతోని కాదు."

పాప ఏడవలేదు. రెండు చేతులతో జుట్టు పట్టుకుని మంచం కిందికి దూరింది.

"ఆదివారం దాక ఆగు. నేను నేర్చుకుంట," అన్నాను. నా భార్య నా చేతివైపు చూసి, అప్పుడు చెప్పులు విప్పింది.

మర్నాడు పాత చున్నీని మూడు పీలికలు చేసి కిటికీ ఊచకు కట్టాను. అల్లడం, జారిపోవడం, మళ్లీ అల్లడం. ఇంటి ఓనరమ్మ, మేం ఖాలా అని పిలిచే పెద్దామె, మేడ మీద బట్టలు ఆరేసి దిగుతూ చూసింది.

"ఏంది బేటా, తాడు పేనుతున్నవా? బర్రెను గిట్ల కొంటున్నవా?"

"పాప జడకు, ఖాలా."

ఆమె నవ్వు ఆగిపోయింది. నా కుడి చెయ్యి పట్టి చూసింది. "పట్టే చెయ్యి వేరే, అల్లే చెయ్యి వేరే. ఉన్న రెండు వేళ్లతోని ఉత్తగ పట్టుకో. ఎడమ చేతిని తిరగనియ్యి," అని చెప్పి వెళ్లింది.

చున్నీ అల్లుతూ ఉంటే మిషనే గుర్తొచ్చేది. మా ప్రెస్ మిషన్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న ఇనుప అచ్చు కిందికి దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే కింద నలిగేది రేకు ఒక్కటే. కానీ అలా చేస్తే రోజు టార్గెట్ అందదు. అందుకని ఒక బటన్‌ను నొక్కిపెట్టి టేపుతో కట్టేసేవాళ్లం. ఒక చెయ్యి నొక్కుతుంది, ఇంకో చెయ్యి రేకు పెడుతుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. అదే పనితనం అనుకున్నాం. వేళ్లు పోయిన రోజు, టేపు పట్టు వదులుతోందని పాప రిబ్బన్ల డబ్బాలోంచి లావుపాటి నల్ల రబ్బరు బ్యాండు ఒకటి తీసుకుపోయాను. మధ్యాహ్నం దాకా బాగానే పనిచేసింది.

నా తప్పు బయటపడకూడదని, కంపెనీ పెద్దవాళ్లు వచ్చేలోపే తోటివాడొకడు ఆ రబ్బరును విప్పి నా చొక్కా జేబులో వేశాడు. ఆస్పత్రి వాళ్లు తిరిగిచ్చిన నా బట్టల్లో అది నా భార్యకు దొరికింది. "బిడ్డది పనికాడికి గూడ పట్కపోయినవా," అని కళ్లు తుడుచుకుంది. ప్రేమ అనుకుంది. తీసుకొచ్చి మళ్లీ పాప డబ్బాలోనే వేసింది. నేను నోరు విప్పలేదు. మిషన్ దానంతటదే దిగిందని ఇంట్లో ఇప్పటికీ నమ్ముతున్నారు.

శుక్రవారం పాప తల మీద మొదలుపెట్టాను. "నొస్తుంది డాడీ," అంటూనే కదలకుండా కూర్చుంది. ఆ రోజు సగంలోనే జారింది. శనివారం ఒక పాయను బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య బిగించి, మిగతా రెండూ ఎడమ చేత్తో తిప్పాను. కుట్లు పడిన చోట సలుపుతూనే ఉంది. పాయ జారలేదు. మెడ దగ్గర్నుంచి చివరిదాకా ఆ రెండు వేళ్లూ పట్టు వదలకుండా దిగాయి. నాకు ఏడుపొచ్చింది. బొటనవేలు మిగిలినందుకు నిజంగానే మొక్కాలనిపించింది. మొక్కమన్నవాళ్ల మీద కోపం మాత్రం పోలేదు, అది వేరే సంగతి. ఈ పనికి టార్గెట్ లేదు. ఒక చేతిని కట్టేసి చేసే వీలూ లేదు. బియ్యం కడిగేటప్పుడు, డ్రమ్ము నింపేటప్పుడు కూడా అదే అనుకుంటాను ఇప్పుడు. ఇంట్లో ఏ పనిలోనూ నా మీదికి ఏదీ దిగదు. అంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు.

ఆ సాయంత్రం నా భార్య జడలు రెండూ పట్టి లాగి చూసింది. ఆదివారం సెలూన్ మాట ఎవరూ ఎత్తలేదు.

సోమవారం పొద్దున రెండో జడ చివర పట్టుకుని రబ్బరు ఇమ్మన్నాను. పాప డబ్బాలో వెతికి లావుది తీసింది.

"గిది పెట్టు డాడీ. గవన్నీ జారుతయి. గిదొక్కటే గట్టిగుంటది."

వద్దంటే ఎందుకో చెప్పాలి. ఒకటి చెబితే మొత్తం చెప్పాలి. నేను దాన్ని పళ్లతో సాగదీశాను. నాలుకకు గ్రీజు తగిలింది. జడ చివర ఒక చుట్టు వేశాను, రెండో చుట్టు వేశాను, మూడోది వేశాను. ఆ రోజు బటన్‌కు కూడా మూడు చుట్లే వేశాను.

పాప తల విదిల్చి చూసుకుంది. "ఊడదు గద డాడీ?"

"ఊడదు బిడ్డా," అన్నాను.