పడవకు ట్రాక్టర్ వైరింగ్

ఓడల ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఆరేళ్లు ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేసి మానేశాను. ఇప్పుడు నారాయణఖేడ్‌లో ఇన్వర్టర్ల దుకాణం నడుపుతున్నాను. ఆ ఆరేళ్లలో సొంత ప్రాంతంలో పడ్డ డ్యూటీ ఒక్కటే. మానేయడానికి ముందటి ఏడాది, వానలు తగ్గాక, మనూర్ వైపు మంజీర నీళ్లలో పూడిక కొలిచే సర్వే పడవ.

అందులో లోతు కొలిచే సోనార్, జీపీఎస్, తెర ఒకే కేబుల్ మీద ఉంటాయి. సమాచారం, కరెంటు రెండూ ఆ కేబుల్‌లోనే నడుస్తాయి. వోల్టేజీ తొమ్మిది కంటే తగ్గితే పరికరాలు ఆగిపోతాయి. వాటిని బిగించింది నేను. బ్యాటరీ నుంచి వైర్లు లాగే పని మాత్రం నారాయణఖేడ్‌లో ట్రాక్టర్ల ఎలక్ట్రీషియన్ శివప్పకు అప్పగించి, తనిఖీ పత్రంలో 'సరి' అని సంతకం పెట్టాను.

మూడో వారంలో ఫోన్ వచ్చింది. తెర రోజుకు నాలుగైదుసార్లు ఆరిపోతోందట. పడవ నడిపే ఖాజామియా తన ఫోన్ చార్జింగ్ కోసం వైర్లు కదుపుతున్నాడని సర్వే అధికారి అనుమానం. నా రిపోర్టు కూడా అదే చెబితే సాయంత్రానికి అతన్ని తీసేస్తారు.

పడవను ఒడ్డుకు లాగించి కొలిచాను. ఫ్యూజు బాగుంది. కేబుల్‌లో సమాచారం నడిచే తీగల మధ్య నిరోధం అరవై ఓములు, ఉండాల్సినంతే. సోనార్ దగ్గర 12.3 వోల్టులు. పరికరాల్లో తప్పు దొరకలేదు కాబట్టి తప్పు మనిషిదేనని రాయబోయాను.

అప్పటిదాకా గట్టు మీద కూర్చున్న ఖాజామియా లేచి వచ్చాడు. "మీటర్‌నైతే మస్తు సార్లు అడిగినవ్ సార్, నన్నొక్కపారి అడగకపోతివి. అడుగున నీళ్లు తోడే మోటర్ చాలైతే గా తెర బందైతది. మూడు దినాల సంది చెప్తున్న, ఎవ్వలు ఇంటలేరు."

ఆ మోటారు పడవ అడుగున నీరు చేరితే దానంతటదే తిరుగుతుంది. ఒడ్డున పడవ పొడిగా ఉంది. రెండు బకెట్ల నీళ్లు పోయించాను. మోటారు తిరిగింది, మీటరు ఎనిమిదిన్నరకు పడింది, తెర ఆరింది.

కరెంటు తిరిగి పోయే నల్ల వైర్లు పట్టుకుని పోతే, అన్నీ పడవ ఇనుప రేకుకు బిగించిన ఒకే బోల్టు దగ్గర ఆగాయి. బోల్టు తుప్పు పట్టింది. మోటారు కరెంటు, పరికరాల కరెంటు రెండూ దాని గుండానే బ్యాటరీకి తిరిగి పోవాలి. తుప్పు అడ్డుపడటంతో, మోటారు తిరిగినప్పుడల్లా పరికరాలకు వోల్టేజీ పడిపోతోంది. శివప్పకు ఫోన్ చేశాను.

"ట్రాక్టర్‌కు బాడీయే ఎర్త్ గద సార్. గిదీ ఇనుమే గద," అన్నాడు.

అతనికి తెలిసిన పద్ధతిలో అది సరైన పనే. నీళ్లలో తుప్పు పట్టే పడవకు ఆ పద్ధతి పనికిరాదని చెప్పాల్సింది నేను.

పరికరాలకు బ్యాటరీ నుంచి నేరుగా, విడిగా రెండు వైర్లు లాగాను. మళ్లీ బకెట్లతో నీళ్లు పోశాం. మోటారు తిరుగుతున్నా మీటరు 12.1 చూపింది. రిపోర్టులో 'కారణం' అన్న గడిలో నా తనిఖీ లోపమని రాశాను. ఖాజామియాను తీసేయలేదు. ఆ ఏడాది నా ప్రమోషన్ ఆగింది.

వోల్టేజీని అన్నీ నడుస్తున్నప్పుడు, చివరి పరికరం దగ్గర కొలవాలి. మీటరు తీయకముందు, పడవ నడిపే మనిషిని అడగాలి.